ఇంటిని లాగే బండి

1947లో అమెరికాలో తీసిన ఒక ఫొటో ఇప్పటికీ చాలామందికి గుర్తుంది. అందులో ఒక మనిషి సైకిలు తొక్కుతూ ఉంటాడు. ఆ సైకిలు వెనక నిగనిగలాడే అల్యూమినియం రేకుతో చేసిన చక్రాల ఇల్లు ఒకటి ఉంటుంది. మనిషి తొక్కుతున్నాడు, ఇల్లు కదులుతోంది! సైకిలు మీద ఉన్నది ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిలు పందెగాడు. ఆ ఇల్లు ఎయిర్‌స్ట్రీమ్ అనే కంపెనీ చేసిన ట్రావెల్ ట్రెయిలరు. తన ట్రెయిలరు ఎంత తేలికో లోకానికి చూపించాలని కంపెనీ ఈ పని చేయించింది.

ఫొటోలో మోసం ఏమీ లేదు. కాని ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. సైకిలుతో లాగగలిగిన ఇంటిని లాగడానికి అమెరికాలో జనం రెండున్నర టన్నుల బరువుండే పెద్ద బండ్లు ఎందుకు కొంటారు? చిన్న కారు సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకుంటే, మీరు తరగతిలో చదివిన బలం, మీట, గతిజ శక్తి, లోలకం అన్నీ ఒకే రోడ్డు మీద వరసగా ఎదురవుతాయి.

పాత ఇల్లు, కొత్త బండి

ట్రావెల్ ట్రెయిలరు అంటే కారు వెనక తగిలించుకుని వెంట తీసుకుపోయే చిన్న ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి, బల్ల అన్నీ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. 1934లో హాలీ బౌలస్ అనే ఆయన విమానం బొడ్డులాంటి గుండ్రని ట్రెయిలరును అల్యూమినియంతో తయారుచేశాడు. చార్లెస్ లిండ్‌బర్గ్ 1927లో ఒంటరిగా అట్లాంటిక్ సముద్రం దాటిన విమానం తయారీని పర్యవేక్షించినవాడు ఈ బౌలసే. ఆయన నమూనాను ఆధారం చేసుకుని వాలీ బయమ్ 1936లో 'క్లిప్పర్' అనే ట్రెయిలరును తెచ్చాడు. ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలర్లకు పేరు తెచ్చింది అదే. 1969లో చంద్రుడి మీదనుంచి వచ్చిన అపోలో 11 వ్యోమగాములను వేరుగా ఉంచింది కూడా ఇలాంటి ట్రెయిలరులోనే. దాని చక్రాలు తీసేసి, గాలి బయటికి పోకుండా మార్చి వాడారు.

అల్యూమినియం తుప్పు పట్టి రాలిపోదు. అందుకని యాభై, అరవై ఏళ్ల కిందటి ట్రెయిలర్లు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని కొని బాగుచేసుకుని పిల్లాపాపలతో కొండలు, ఎడారులు చూడబోయే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఇంటిని బాగుచేసుకున్నాక వాళ్లకు ఎదురయ్యే పెద్ద ప్రశ్న ఒకటే: దీన్ని లాగడానికి ఏ బండి కావాలి? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకుంటే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. బండిలో కూర్చున్నవాళ్ల ప్రాణాలూ, ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణాలూ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

సైకిలు రహస్యం

ముందు సైకిలు సంగతి తేల్చుకుందాం. 1000 కిలోల ట్రెయిలరును పైకి ఎత్తాలంటే 1000 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. కాని చదునైన రోడ్డు మీద దొర్లించడానికి అంత బలం అక్కర్లేదు. గాలి నింపిన టైర్లు మంచి తారురోడ్డు మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే. అంటే 10 నుంచి 15 కిలోల బరువుకు సమానమైన బలంతో నెమ్మదిగా లాగితే చాలు. బలమైన సైకిలు పందెగాడికి అది పెద్ద పని కాదు. చక్రం మనిషికి చేసిన మేలు ఇదే.

ఇప్పుడు అదే రోడ్డు కొంచెం పైకి వాలిందనుకోండి. ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు ఎక్కే వాలు. అప్పుడు ట్రెయిలరు బరువులో నూటికి 6 వంతులు, అంటే 60 కిలోల బలం, వెనక్కి లాగుతుంది. దొర్లే నిరోధం దీనికి అదనం. సైకిలువాడు అక్కడే దిగిపోవాలి!

వేగం పెరిగితే గాలి అడ్డు వస్తుంది. దాని లెక్క తమాషాగా ఉంటుంది. వేగం రెండింతలైతే గాలి నిరోధం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఇంజను ఖర్చుపెట్టే సామర్థ్యం, అంటే సెకనుకు చేసే పని, ఎనిమిదింతలు అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 90కి పెంచితేనే గాలిని చీల్చడానికి కావలసిన సామర్థ్యం మూడింతలు దాటుతుంది. పాత ట్రెయిలర్లను విమానంలా గుండ్రంగా చేసింది అందుకే. డబ్బాలాంటి ట్రెయిలరుకు గాలి గోడలా అడ్డు నిలుస్తుంది. కొన్ని కంపెనీలు తమ బండి ఎంత బరువు లాగవచ్చో చెప్పడంతోపాటు, లాగే ట్రెయిలరు ముఖం ఎన్ని చదరపు మీటర్లకు మించకూడదో కూడా చెబుతాయి.

కొండ పెట్టే పరీక్ష

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో డేవిస్ డామ్ అనే ఆనకట్ట దగ్గర మొదలై కొండ ఎక్కే రోడ్డు ఒకటి ఉంది. సుమారు 18 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. ఎస్.ఎ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ రూపొందించిన జె2807 అనే ప్రమాణానికి ఈ కొండే పరీక్షాస్థలం. తమ బండి ఇన్ని కిలోలు లాగుతుందని చెప్పే కంపెనీ, అంత బరువు తగిలించి ఎండకాలపు వేడిలో, లోపల ఎ.సి. పూర్తిగా వేసి, ఈ కొండ ఎక్కించాలి. మామూలు పికప్ బండి వేగం ఎక్కడా గంటకు 64 కిలోమీటర్లకన్న తగ్గకూడదు. ఇంజను మరిగిపోకూడదు. ఈ ప్రమాణం రాకముందు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో అంకె చెప్పేది. దాంతో రెండు బండ్లను పోల్చి చూడటం కష్టమయ్యేది.

ఒక చిన్న లెక్క చేద్దాం. బండి, ట్రెయిలరు, మనుషులు, సామాను కలిపి 5000 కిలోలు అనుకుందాం. ఈ కొండ 100 మీటర్లకు సుమారు 5 మీటర్లు ఎక్కుతుంది. కాబట్టి వెనక్కి లాగే బలం 250 కిలోల బరువుకు సమానం. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఆ ఎక్కడానికే సుమారు 58 హార్స్‌పవర్ కావాలి. గాలికీ, టైర్లకూ కావలసింది వేరు. మామూలు మనిషి సైకిలు తొక్కుతూ ఎక్కువసేపు ఇవ్వగలిగేది పావు హార్స్‌పవర్ దరిదాపుల్లోనే ఉంటుంది!

కొండ ఇంకో దెబ్బ కూడా తీస్తుంది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. మామూలు ఇంజను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నూటికి 3 వంతుల సామర్థ్యం కోల్పోతుంది. కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల మధ్య ఐజన్‌హోవర్ సొరంగం దగ్గర రోడ్డు సముద్రమట్టానికి 3400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరేసరికి ఇంజను సామర్థ్యంలో మూడో వంతు మాయమైనట్టే. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఉన్న ఇంజనుకు ఈ నష్టం చాలా తక్కువ. అందుకని కొండల్లోకి పోయేవాళ్లు బండి కొనేముందు ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

లాగడంకన్న ఆపడం కష్టం

ఇంజను చాలకపోతే బండి నెమ్మదిగా పోతుంది, అంతే. బ్రేకు చాలకపోతే?

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో ఎంత గతిజ శక్తి ఉంటుందో తెలుసా? ఆ బండిని 32 మీటర్ల ఎత్తునుంచి, అంటే పదంతస్తుల మేడమీంచి, కింద పడేస్తే నేలను తాకేముందు ఎంత శక్తి ఉంటుందో అంత! బ్రేకులు ఈ శక్తినంతా వేడిగా మార్చి గాలిలో కలిపెయ్యాలి.

ఒక బండి మనుషులతో కలిపి 2700 కిలోలు, దాని వెనక ట్రెయిలరు 2200 కిలోలు అనుకుందాం. ట్రెయిలరుకు బ్రేకులు లేకపోతే ముందు బండి బ్రేకులే మొత్తం 4900 కిలోలనూ ఆపాలి. బ్రేకు బలం అంతే, ద్రవ్యరాశి మాత్రం దాదాపు రెండింతలు. ఒంటరిగా 40 మీటర్లలో ఆగే బండి ఇప్పుడు 70 మీటర్లు దాటిగాని ఆగదు. ఆ అదనపు 30 మీటర్లలో ఎవరైనా రోడ్డు దాటుతుంటే? పైగా ముందు బండి ఆగబోతుంటే వెనకది జడత్వంతో నెడుతుంది. మలుపులో ఇది జరిగితే రెండూ మడత కత్తిలా మడుచుకుపోతాయి.

అందుకే ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు సుమారు 1360 కిలోలు దాటిన ట్రెయిలర్లకు వీటిని తప్పనిసరి చేశాయి. ఇవి ఎక్కువగా విద్యుత్ బ్రేకులు. వాటి పనితీరు సులువే. చక్రంతోపాటు తిరిగే ఇనప డ్రమ్ము పక్కన ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. డ్రైవరు బ్రేకు తొక్కగానే దానికి కరెంటు అందుతుంది. అయస్కాంతం డ్రమ్మును పట్టుకోవాలని చూస్తుంది. డ్రమ్ము తిరుగుతూ దాన్ని కొంచెం ఈడుస్తుంది. ఆ ఈడుపు ఒక మీటను కదిలిస్తుంది. మీట బ్రేకు దిమ్మెలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది. చూశారా, చక్రం తిరిగే బలమే చక్రాన్ని ఆపుతుంది! ఎంత కరెంటు పంపాలో నిర్ణయించే చిన్న పెట్టె డ్రైవరు దగ్గర ఉంటుంది. ట్రెయిలరు పొరపాటున ఊడిపోతే ఒక తీగ లాగబడి, ట్రెయిలరులోని బ్యాటరీ బ్రేకులు వేసేస్తుంది.

పాత ట్రెయిలరు కొన్నవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. 1950ల మధ్యవరకు చాలా అమెరికా కార్లలో 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. తరవాత 12 వోల్టులు వచ్చాయి. అంత పాత ట్రెయిలరులోని దీపాలూ, బ్రేకు అయస్కాంతాలూ ఏ వోల్టేజికి చేసినవో చూసుకోకుండా కొత్త బండికి తగిలించకూడదు.

దిగుడు సంగతి కూడా చూడండి. మన 5000 కిలోల బండి జత ఆ 900 మీటర్ల కొండ దిగేటప్పుడు పోగొట్టుకోవలసిన శక్తి 140 లీటర్ల మామూలు నీళ్లను మరిగించడానికి చాలినంత. కొంత గాలీ, టైర్లూ తినేస్తాయి. మిగిలినదంతా బ్రేకుల మీద పడితే అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. కాబట్టి ఎక్కేటప్పుడు వాడే చిన్న గేరునే దిగేటప్పుడూ వాడి, ఇంజను చేతనే పట్టి ఉంచాలి. బండి ఎంచుకునేవాళ్లు కొండ ఎక్కే ఇంజనుతోపాటు కొండ దిగేటప్పుడు పట్టి ఉంచే ఇంజనును కూడా ఎంచుకుంటున్నారన్నమాట.

నొగ బరువు

ఎద్దుబండి తోలే రైతును అడగండి. బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది. అన్నీ ముందు వేస్తే ఎద్దుల మెడ విరుగుతుంది. ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండేలా సర్దితే బండి హాయిగా సాగుతుంది. ట్రెయిలరుకూ ఇదే సూత్రం. కాడి బదులు, లాగే బండి వెనక ఒక ఇనప గుండు ఉంటుంది. ట్రెయిలరు ముందుకు పొడుచుకువచ్చిన నొగ దానిమీద కూర్చుంటుంది. నొగ ఆ గుండును కిందికి నొక్కే బరువు, ట్రెయిలరు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఉండాలని అమెరికాలో చెబుతారు. 2200 కిలోల ట్రెయిలరుకు 260 కిలోలు అనుకుందాం.

ఈ 260 కిలోలు ఎక్కడ పడుతున్నాయి? బండి వెనక ఇరుసు మీద కాదు. దానికీ వెనక, సుమారు 1.2 మీటర్ల అవతల. ఇప్పుడు బండి మొత్తం ఒక మీట అయింది. వెనక ఇరుసు ఆధారం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు అనుకుంటే, 260ని 1.2తో గుణించి 3తో భాగించండి. 104 వస్తుంది. అంటే ముందు చక్రాల మీదనుంచి 104 కిలోలు లేచిపోయి వెనక ఇరుసు మీదికి చేరతాయి. వెనక ఇరుసు మీద అదనంగా పడేది 260 కాదు, 364 కిలోలు!

ముందు చక్రాలే దారి తిప్పేవి. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పట్టేవీ అవే. వాటిమీద బరువు తగ్గితే స్టీరింగు తిప్పినా బండి సరిగా తిరగదు. రాత్రిపూట దీపాలు రోడ్డును వదిలి చెట్ల కొమ్మలమీద పడతాయి. చక్రాల మధ్య దూరం 3.6 మీటర్లున్న బండి అయితే ఈ నష్టం 87 కిలోలకు తగ్గుతుంది. చక్రాల మధ్య ఎక్కువ దూరమున్న బండి, గుండు వెనక ఇరుసుకు దగ్గరగా ఉన్న బండి మంచివి అనడానికి ఇదీ కారణం.

దీనికి మరో మందు కూడా ఉంది. నొగ కింద రెండు బలమైన స్ప్రింగు కడ్డీలను బిగించి ఉంచుతారు. ఒంటిచక్రపు మట్టిబండిని రెండు చేతులతో ఎత్తినట్టు, అవి లాగే బండి వెనక భాగాన్ని పైకి ఎత్తుతాయి. అప్పుడు నొగ బరువులో కొంత ముందు చక్రాల మీదికి, కొంత ట్రెయిలరు చక్రాల మీదికి సర్దుకుంటుంది.

తోక ఊపే ఇల్లు

ట్రెయిలరు ప్రమాదాల్లో భయంకరమైనది తోక ఊపడం. గుండు దగ్గర తగిలించిన ట్రెయిలరు రోడ్డుమీద పడుకోబెట్టిన లోలకం లాంటిది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోతుంది. గాలి తోపుకు ట్రెయిలరు తోక కొంచెం పక్కకు జరుగుతుంది. టైర్లు దాన్ని మళ్లీ మధ్యకు తెస్తాయి. కాని అది మధ్యలో ఆగదు, రెండోవైపుకు పోతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు టైర్ల పట్టువల్ల ఒకటి రెండు ఊపులతో ఇది చచ్చిపోతుంది. వేగం పెరిగినకొద్దీ ఊపును చంపే ఆ గుణం తగ్గుతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికన్న పెద్దదవుతుంది. సరైన సమయంలో ఉయ్యాలను తోస్తే ఏమవుతుందో మీకు తెలుసుకదా! ట్రెయిలరు ఊపు బండి తోకను తోస్తుంది, బండి తోక మళ్లీ ట్రెయిలరును తోస్తుంది. కొద్ది సెకన్లలో రెండూ రోడ్డు దాటిపోతాయి.

ఆ హద్దు వేగం ఎంత అనేది సామాను సర్దడంమీద ఉంటుంది. బరువు తోకలో ఉంటే హద్దు దగ్గరగా వచ్చేస్తుంది. గరిమనాభి ఇరుసుకు ముందు ఉంటే దూరంగా జరుగుతుంది. లాగే బండి బరువుగా, పొడవుగా ఉంటే ఇంకా మంచిది. ఊపు మొదలైతే డ్రైవరు కంగారుపడి బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును నిటారుగా పట్టుకుని, ఆక్సిలేటరుమీద కాలు తీసి, చేతి మీటతో ట్రెయిలరు బ్రేకును మాత్రమే మెల్లగా వెయ్యాలి. అప్పుడు వెనకనుంచి లాగినట్టయి జత సరళరేఖలోకి వస్తుంది. కాలిఫోర్నియాలో ట్రెయిలరు లాగే బండికి గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు అని నియమం పెట్టడం ఊరికే కాదు.

ఏది కొనాలి?

ఇప్పుడు మనమే ఒక కుటుంబానికి సలహా ఇద్దాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. వాళ్ల దగ్గర 1960ల నాటి ట్రెయిలరు ఉంది. దాని పలకమీద 1600 కిలోలు అని రాసి ఉంది. ఆ అంకెను నమ్మవచ్చా? కూడదు. అది ఖాళీ బరువు, అరవై ఏళ్ల కిందటిది. తరవాత ఎవరో కొత్త నేల వేశారు, ఇంకెవరో పెద్ద నీళ్ల తొట్టి, ఎ.సి., బ్యాటరీలు పెట్టారు. మన ఊళ్లో లారీలను తూచే ధర్మకాటాలాంటివి అక్కడా రహదారుల పక్కన ఉంటాయి. నీళ్లతో, సామానుతో ప్రయాణానికి సిద్ధమైన ట్రెయిలరును తూయించాలి. తూస్తే 2200 కిలోలు వచ్చిందనుకుందాం. నొగ బరువు 260.

మొదటి బండి 2270 కిలోలు లాగగలదు. 'సరిపోయింది' అని సంతోషించకండి! డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చీటీ చదవండి. మనుషులు, సామాను కలిపి 560 కిలోలకు మించకూడదని ఉంది. నలుగురూ కలిసి 220, సామాను 80, తగిలించే సరంజామా 40, నొగ బరువు 260. మొత్తం 600 కిలోలు. లాగే పరీక్షలో నెగ్గిన బండి మోసే పరీక్షలో తప్పింది! ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

రెండో బండి పికప్. లాగగలిగింది 3500, మోయగలిగింది 750, చక్రాల మధ్య దూరం 3.6 మీటర్లు. రెండు పరీక్షలూ నెగ్గింది, కొండకు కావలసిన మిగులూ ఉంది.

మూడోది ఇంకా పెద్ద లారీలాంటి బండి, 6000 కిలోలు లాగుతుంది. ఇంకా మంచిదేగా అనుకుంటారు. కాని దాని వెనక స్ప్రింగులు చాలా బిరుసు. గతుకుల రోడ్డుమీద ఆ కుదుపంతా నొగద్వారా పాత ట్రెయిలరుకు పోతుంది. అరవై ఏళ్ల రివెట్లు వదులవుతాయి. తుప్పుపట్టిన చట్రం బీట్లు వారుతుంది. బండికి బలం చాలకపోతే మనకు ప్రమాదం, బిరుసు మరీ ఎక్కువైతే పాత ఇంటికి ప్రమాదం. మన కుటుంబానికి రెండోదే తగినది.

అయితే పాత ఫొటోల్లో ఈ ట్రెయిలర్లను కార్లే లాగుతుంటాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 1950లు, 60లలో చాలా అమెరికా కార్లు పొడవాటివి, పెద్ద ఇంజన్లవి. వాటి అడుగున లారీకి ఉన్నట్టు విడిగా ఉక్కు చట్రం ఉండేది. ఇప్పటి కార్లలో చాలావాటికి విడిగా చట్రం ఉండదు, ఒంటిరేకు పెట్టెలా పోతపోసినట్టు చేస్తారు. ఏవి ఎంత లాగవచ్చో కంపెనీ పుస్తకం చూసే తెలుసుకోవాలి, పోలికతో కాదు. ఇక విద్యుత్ బండ్ల సంగతి. వాటి మోటారు కదలకముందునుంచే పూర్తి బలంతో తిప్పుతుంది. కొండ దిగేటప్పుడు పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది. కాని పెద్ద ట్రెయిలరు లాగితే ఒకసారి చార్జి చేసి పోగలిగే దూరం దాదాపు సగానికి పడిపోతుంది.

మన రోడ్డుమీద

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మన ఊళ్లో చెరుకు, ధాన్యం మోసే ట్రాక్టరు ట్రాలీని చూడండి. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. కిక్కిరిసిన ట్రాలీతో గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేవడం చూసే ఉంటారు. మీట లెక్కే అది! దిగేటప్పుడు ట్రాలీ ట్రాక్టరును నెట్టుకుపోతుంది. అందుకే పెళ్లికైనా, తిరునాళ్లకైనా మనుషులు ట్రాలీ ఎక్కి పోకూడదు. కారణం ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు మీరే చెప్పవచ్చు.

చేసి చూడండి

30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. ఒక పెన్సిలును కదలకుండా బల్లకు అంటించండి. అది ఇరుసు. స్కేలుమీద 17వ గీత పెన్సిలుమీద ఉండేలా పెట్టి, 0 ఉన్న కొసను మీ వేలిమీద ఆనించండి. అది నొగ. నాలుగైదు నాణేలను 8వ గీత దగ్గర పేర్చండి. వేలికి బరువు తెలుస్తుంది. నాణేలను కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. బరువు తగ్గుతూ వచ్చి, పెన్సిలు దాటిన తరవాత ఒకచోట కొస వేలిని వదిలి పైకి లేస్తుంది. కాడి లేచిందన్నమాట!

ఇక ఈ లెక్క చెయ్యండి. ఒక ట్రెయిలరు బరువు 1800 కిలోలు. నొగ బరువు 90 కిలోలే ఉంది. గుండుకూ ఇరుసుకూ మధ్య దూరం 4.5 మీటర్లు. నొగ బరువు నూటికి 10 వంతులు కావాలంటే, వెనక ఉన్న సామానులో ఎన్ని కిలోలను 3 మీటర్లు ముందుకు జరపాలి? జరిపిన బరువును జరిపిన దూరంతో గుణించి 4.5తో భాగిస్తే నొగ బరువు ఎంత పెరుగుతుందో వస్తుంది.

జవాబు: 135 కిలోలు.